కోడిగుడ్డు కన్ను

నిన్న కళ్లజోళ్ల అంగట్లో మా పాపకు పరీక్ష ఫ్రేము పెట్టి అద్దాలు టక్కుటక్కుమని మారుస్తుంటే, నా మూడో తరగతి గుర్తొచ్చింది.

చర్చిలో వాక్యం చదవమంటే, అక్షరాలకు నీడలు కనిపించి తప్పులు చదివేదాన్ని. ధ్యాస లేదని నాయన తిట్టేవాడు. చివరికి ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు, కళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు.

"కంటి ముందుపొర బంతి మాదిరి గుండ్రంగా లేదన్నా, కోడిగుడ్డు మాదిరి ఉండాది. అందుకే అక్షరాలు చెదిరి కనిపిస్తాండాయి. అద్దాలు పెడితే చూపు సరిగ్గా ఉంటుంది," అందామె.

నేను అరచేతులతో కళ్లు కప్పుకున్నాను.

"ఏందే?" అన్నాడు నాయన.

"పగిలిపోతాయేమో నాయనా!"

డాక్టరమ్మ పడీపడీ నవ్వింది.

వారం తర్వాత మళ్లీ నంద్యాలకు పోయి, కొత్త కళ్లజోడుతో నాయనతో తిరుగు బస్సెక్కాను. ఎరువుల అంగడి, టైలరు, టీకొట్టు, కనిపించిన బోర్డల్లా గట్టిగా చదివాను.

"పాపకు ఏమైందప్పా?" అన్నాడు కండక్టరు.

"చదవనీన్నా. ఇన్నాళ్లూ దానికి కనపడలే," అన్నాడు నాయన.

గొంతు నొప్పి పుట్టి నేను ఆగితే, "అదో, ఆ బోర్డు చదవలేదే!" అని తనే వేలు చూపించాడు. తిట్టినందుకు ఆయన పడ్డ బాధ ఆ వేలిలో ఉందని అప్పుడు తెలియలేదు. నాకు మాత్రం ఆళ్లగడ్డ దాకా దారంతా పండగే.