మళ్ళీ పేరు అడిగిన మనిషి

పక్షవాతం వచ్చాక నాన్న దగ్గు పూర్తిగా పోయింది. అదంతా నా పథ్యం మహిమేనని అందరికీ చెప్పుకున్నాను కూడా.

హౌరాలో లోకల్ రైలు కదలగానే, పక్కన కూర్చున్న నాన్నకి తాగించడానికి నీళ్ళ సీసా తీశాను. ఎదురుగా కూర్చున్న తెలుగావిడ, "తాతా, నీ పేరేటి?" అంది.

"సూర్యనారాయణ" అన్నారు నాన్న.

ఆయన నీళ్ళు తాగారో లేదో, ఆవిడ మళ్ళీ పేరు అడిగింది. నాన్న మళ్ళీ చెప్పారు. నాకు ఒళ్ళు మండింది.

"ఇప్పుడేగా చెప్పారు! చెవుడా నీకు?"

"మాట గరగరలాడిపోనాది, ఇనబడనేదా దీదీ? నీల్లు ఊపిరి గొట్టంలోకి దిగినాయి. మనకయితే దగ్గొచ్చి తోసేస్తాది. ఈ తాతకి ఆ సంగతే తెలవడంనేదు. మా ఆయన కూడా దగ్గు మానేసినాడని సంబరపడ్డాను. నెమ్ము చేరి జొరమొచ్చి పోనాడు."

"దగ్గకపోవడం కూడా జబ్బేనా?" అన్నాను. వాదనలో తగ్గే రకాన్ని కాను, కానీ సీసాకి మూత పెట్టేశాను.

ఆవిడ నాన్న గడ్డాన్ని మెల్లగా కిందికి వంచింది. "డాక్టరుకి సూపించు. అందాకా ఇలా వంచి, సెంచాతో పొయ్యి" అని టికియాపారాలో దిగిపోయింది.

డాక్టరూ అదే మాట అన్నాడు. ఆనాటి నుంచి చెంచా చెంచాకీ నాన్నని పేరు అడిగేదాన్ని. ఒకరోజు పేరుకి బదులు దగ్గు వచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగేంత దగ్గు. వీపు రాయాలో, సంతోషించాలో తెలియక చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయాను.