ఆంప్‌లో దెయ్యం

ప్లెయిన్స్‌బరోలో మా తెలుగు చర్చికి ఎలక్ట్రిక్ గిటార్ వాయించే అంకుల్ ఒకరుండేవారు. పాటలకు ముందు ఆయన గిటార్ శబ్దాన్ని పెంచే తన ఆంప్ పెట్టెకు చెవి ఆనించి, పక్కనే లాప్‌టాప్‌లో పాటల స్లైడ్లు తిప్పే నన్ను అడిగేవారు: “గుయ్‌మంటోంది, వింటున్నావామ్మా?”

నాకేమీ వినబడేది కాదు. కాదనడానికి మొహమాటపడి, “ఆ, అంకుల్” అనేదాన్ని.

ఆ మాట నమ్మి ఆయన ఫోన్‌లో కొత్త పరికరాల వార్తలన్నీ చదివేవారు. కేబుల్ మార్చారు, కాలితో నొక్కే పెడల్ మార్చారు, చివరికి ఆంపే మార్చారు. “ఈసారి దెయ్యం వదిలిపోద్ది చూడు” అని నవ్వేవారు.

“నేను పిలిస్తే వినబడదు గానీ, ఆ డబ్బా గుసగుసలు మాత్రం వినబడతాయి ఈయనకి!” అని ఆంటీ దెప్పేది.

ఒక ఆదివారం కుర్చీలు సర్దుతుంటే నా కాలు తగిలి ఆంప్ ప్లగ్ ఊడింది. ఎర్ర దీపం ఆరిపోయింది. నేను ప్లగ్ చేతిలోకి తీసుకునేసరికే ఆయన కళ్లు మూసుకుని పెట్టెకు చెవి ఆనించి ఉన్నారు.

“ఇవాళ ఇంకా ఎక్కువైందమ్మా. వింటున్నావా?”

ఎప్పటిలాగే నా నోట “ఆ” వచ్చేసింది. అప్పుడాయన కళ్లు తెరిచి, నా చేతిలోని ప్లగ్‌ను చూశారు. మెల్లగా అరచేత్తో తన చెవి మూసుకున్నారు.

“ఇంకా వస్తోంది” అన్నారు.