సుబ్బరత్నం పెరట్లో కుట్టుపిట్ట

మంగళగిరి నేతపేటలో సుబ్బరత్నాన్ని ఎరగనివారు లేరు. మనిషి మగ్గం కంటే పొడుగు కాదు గానీ, నోరు తెరిచిందంటే వీధి చివరికి వినిపిస్తుంది. “పిట్ట కొంచెం, కూత ఘనం” అని పేటంతా ఆమెనే అనేవారు. ఆ నోటిని అందరూ భరించింది ఆమె వేళ్ల కోసం. తెగిన పడుగు పోగును ముడి వెయ్యకుండా, వేలికింత బూడిద అద్దుకుని మెలిపెట్టి అతికిందంటే, అతుకెక్కడుందో మళ్లీ ఆమెకే కనపడేది కాదు.

ఏళ్ల తరబడి ఆమెకొక కోరిక ఉండేది. తెల్లవారుజామున పడుగుకు గంజి పెట్టే వేళ “టువీ, టువీ” అని ఎడతెగకుండా అరిచే పిట్టేదో చూడాలని. అంత గొంతున్నది కాకంతైనా ఉంటుందని వేపచెట్టు కొమ్మల్లో వెతికి మెడ పట్టేయించుకునేది. తన సంగతి తానే మరిచిపోయిందన్నమాట.

డెబ్బై నాలుగులో, వానలు మొదలైన రోజుల్లో, పెరట్లోని చిన్న బాదం మొక్కకు ఒక ఆకు చుట్టుకుపోయి కనిపించింది. పురుగు పట్టిందనుకుని చటుక్కున లాగింది. తొడిమ సగం తెగింది. లోపల మెత్తటి దూది, అందులో వేలిగోరంత గుడ్లు! ఆకు అంచులు రెండూ ఎర్ర నూలుతో కుట్టి ఉన్నాయి. అది తాను కండెలు చుట్టేటప్పుడు రాలిన నూలే. కుట్టులో ఒక్క ముడి లేదు. చిల్లులోంచి దూర్చిన పోగు చివర ఉబ్బి, జారిపోకుండా నిలిచింది.

అంతలో గోరింట పొదలోంచి బొటనవేలంత పిట్ట, నెత్తిన ఇటుకరంగుతో, తోక నిక్కబొడుచుకుని “టువీ” అంటూ మీదికొచ్చింది. అదే గొంతు. ఇన్నేళ్లు వెతికిన పిట్ట కనబడేసరికి దాని ఇల్లు తన చేతిలో ఉంది. సుబ్బరత్నానికి ఏడుపొచ్చింది.

తొడిమను కొమ్మకు ఆనించి నూలు చుట్టి కట్టింది. భర్త వెంకటప్పయ్య చూసి పెదవి విరిచాడు.

“మనిషి చెయ్యి తగిలిందిగా. ఇంక రాదే అది.”

ఆ పూట ఆమె నోరు పెగల్లేదు. జ్వరమేమోనని పొరుగువాళ్లు వచ్చి చూసి వెళ్లారు. అతికిన పోగులు అతికినట్టే ఊడిపోతుంటే, పని వదిలేసి పెరటి గుమ్మంలో కూర్చుంది.

పొద్దు వాలుతుండగా పిట్ట వచ్చింది. కొమ్మ మీద అటూ ఇటూ గెంతి, కట్టును ముక్కుతో పొడిచి చూసి, ఆకులోకి దూరి గుడ్ల మీద కూర్చుంది.

“అరె, వచ్చిందే! చెయ్యి తగిల్తే రాదంటారే!” అన్నాడు వెంకటప్పయ్య.

సుబ్బరత్నం కళ్లు తుడుచుకుని, ఎన్నడూ లేనిది గొంతు తగ్గించింది.

“ఎందుకు రాదయ్యా? ఆ గూడంతా నా చెయ్యి తగిలిన నూలేగా.”