చెవి టీచరు

మా పిన్ని మూడో తరగతి టీచరు. ఆమె అసలు పేరు హాజరుపట్టీకే తెలుసు, పిల్లలకు మాత్రం ఆమె చెవి టీచరు. చదివే పిల్ల పక్కన నేలమీద చతికిలబడి, ఆ పిల్ల నోటిదగ్గర చెవి పెట్టి వినేది. ముప్పైమంది పిల్లలు, రోజుకు ఆరుగురు. అయిదు రోజుల్లో అందరి వంతూ వచ్చేది. మా బాబాయి ఊరుకుంటాడా? "గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో చెవికే కాళ్లొచ్చాయి" అనేవాడు.

చదువంటే నోటితో చదివి ఎవరికో ఒకరికి వినిపించడమేనని పిన్ని నమ్మకం. ఆ నమ్మకమే కొంప ముంచింది. నేను పిన్ని పక్షమే, అయినా ఉన్నమాట చెప్పక తప్పదు.

ఆ ఏడు తరగతిలో సన్నటి గొంతు పిల్ల ఒకతి ఉండేది. పిన్ని దాన్ని పిచ్చుక అని పిలిచేది. నోటిలెక్కల్లో దిట్ట. పదిహేడూ ఇరవైఅయిదూ అనీ అనకముందే నలభైరెండు అనేసేది. పుస్తకం తెరిస్తే మాత్రం మూగనోము. పిన్ని తన వారం లెక్క పక్కనపెట్టి, సగం ఏడాది రోజూ దాని పక్కన కూర్చుంది. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల వేలు పెట్టుకుంటూ పేరా మొత్తం పిన్ని చెవిలో చదివేసింది. పిన్ని ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా నన్ను కూర్చోబెట్టి, అదే పేరా ఆ పిల్ల గొంతుతోనే అప్పజెప్పింది. అందులో ఉన్నది కాకో కుక్కో నాకు గుర్తులేదు. పిన్ని మొహం గుర్తుంది.

ఏడాది చివర అన్ని బళ్లకూ ఒకే పరీక్ష పెడతారు. పేరాలు చదివి రాయడానికి ఇరవై ప్రశ్నలు, లెక్కలకు ఇరవై, ప్రశ్నకో మార్కు. మొత్తంలో సగం రాకపోతే ఆ పిల్లను పై ఏడు వేరే బడికి, వెనకబడినవాళ్ల గదికి పంపించేస్తారు. పిచ్చుక గట్టెక్కుతుందని పిన్ని గుండెలమీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది.

పరీక్షనాడు ఏ టీచరూ సొంత తరగతిలో కూర్చోకూడదు. పిన్ని పక్క గదికి వెళ్లింది, ఆ గది టీచరు పిన్ని గదికి వచ్చింది. రెండు గదుల మధ్యా ఉన్నది గోడ కాదు, చెక్క అడ్డు. గంట కొట్టిన అయిదు నిమిషాలకు దాని అవతలినుంచి సన్నగా గొంతు వినిపించింది. పిచ్చుక చదువుతోంది. మొదటి వాక్యంలో తప్పులేదు. రెండోదాంట్లోనూ లేదు.

"ఎవరా గొణిగేది? నోరు మూసుకుని చదువు" అంది అవతలి టీచరు.

గొంతు ఆగింది. కాసేపటికి మళ్లీ వచ్చింది, ఇంకా సన్నగా.

"నీకే చెప్తున్నా. ఇంకోసారి వినబడిందంటే పేపరు లాగేసుకుంటా."

ఆ తర్వాత ఏమీ వినబడలేదు.

పిన్నికి అప్పుడు తెలిసొచ్చింది. నోరు మూసుకుని చదవడం తాను ఎవరికీ నేర్పలేదు. మిగతా పిల్లలు ఇంట్లో పుస్తకాలు తిరగేస్తూ వాళ్లంతట వాళ్లే నేర్చుకున్నారు. ఈ పిల్లకు ఇంట్లో పుస్తకమే లేదు. లేచివెళ్లి చెబుదామంటే, టీచరు గది వదిలితే ఆ గదిలోని పేపర్లేవీ చెల్లవు. ఎదురుగా ఇరవైఎనిమిదిమంది తలలు వంచుకుని రాస్తున్నారు. పిన్ని కదలకుండా కూర్చుంది. "కాళ్లు కట్టేసినట్టయిందే" అని నాతో ఎన్నిసార్లు చెప్పుకుందో.

పిచ్చుకకు నలభైకి పదకొండు మార్కులు వచ్చాయి. చదవడంలో ఒక్కటే. లెక్కల్లో అంకెలతో అడిగిన పదీ ఒప్పే, మాటలతో అడిగిన పదీ ఖాళీ.

పిన్ని హెడ్మాస్టరు దగ్గరికి పరుగెత్తింది. "దానికి చదవడం వచ్చండి. ఒక్కసారి పిలిచి వినండి, మీకే తెలుస్తుంది."

"వచ్చనే నేనూ అనుకుంటానమ్మా. కానీ ఈ మార్కులు చెవితో వేసేవి కావు కదా" అన్నాడాయన. మంచివాడే. అయినా ఆ మాట విన్నప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

చివరిరోజు పిచ్చుక సంచీ తగిలించుకుని వచ్చి, "టీచర్, అక్కడ ఎవరికి చదవాలి?" అని అడిగింది. పిన్ని వంగి దాని సంచీ పట్టీ సరిచేసింది. సెలవులయ్యాక ఆ బడికి వెతుక్కుంటూ వెళ్తే, పిచ్చుక ఇంటివాళ్లు ఊరే మారిపోయారన్నారు.

ఆ మరుసటి ఏడునుంచీ పిన్ని నేలమీద కూర్చోవడం మానేసింది. "పెదవులు కదలకూడదు, కళ్లతో చదవండి" అని మొదటిరోజే నేర్పింది. ముప్పైమందీ పరీక్ష గట్టెక్కారు. హెడ్మాస్టరు అందరిముందూ మెచ్చుకున్నాడు. ఇప్పుడా గదిలో సూదిపడితే వినిపిస్తుంది. కొత్తపిల్లలకు చెవి టీచరంటే ఎవరో తెలియదు. పిన్ని ఆ సన్నటి గొంతుమీద బెంగపెట్టుకుంది. పైకి ఎవరికీ చెప్పదు, నాకు చెప్పక్కర్లేదు.

సాయంత్రం నేను వెళ్లేసరికి న్యూస్‌పేపరు నా చేతికిచ్చి "చదవవే" అంటుంది. ఆమెకు కళ్లు భేషుగ్గా కనిపిస్తాయి. నేను వాతావరణమో, అద్దెఇళ్ల ప్రకటనలో, ఏది కనబడితే అది చదువుతాను. కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా నోటిదగ్గర చెవి పెట్టి, కళ్లు మూసుకుంటుంది.

మొన్న మధ్యలో ఆపి, "నీకు వార్తలు కావాలా, నా గొంతు కావాలా పిన్నీ?" అని ఆటపట్టించాను.

పిన్ని కళ్లు తెరవలేదు.

"సన్నగా చదవవే" అంది. "ఇంకా సన్నగా."