వదిన కంప్యూటర్ చూసేందుకు జీపొచ్చిన రోజు

మొన్న పొద్దున చొప్పదండి నుంచి ఫోన్ వచ్చింది, మా వదిన పోయిందని. చాయ్ తాగుకుంట కుర్చీల కూసున్నదట, మళ్ల లేవలేదట. ఫోన్ పెట్టేసినంక నాకు ఏడుపు రాలే. తొంభైలల్ల ఒకనాడు ఆమె పక్కన భయంతోటి కూసున్న పగలు మళ్ల కండ్ల ముందటికొచ్చింది.

అన్న దుబాయిల ఉండంగ వదిన చొప్పదండి బస్టాండు దగ్గర ఒక రూముల టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. ఏ పని మొదలువెట్టినా ముందుగాల చేతులు కొంగుకు తుడుచుకునేది, అవి శుభ్రంగ ఉన్నా సరే. "కంప్యూటర్ ఎప్పుడు నేర్పుతరు మేడం" అని ఆడపిల్లలు అడుగుతుంటె, ఏదో ఆఫీసోళ్లు మూలకేసిన పాత మిషన్ తెచ్చింది. మెమరీ తక్కువ, కొత్త విండోస్ దాని మీద ఎక్కనే ఎక్కదు. కరీంనగర్‌ల తెలిసిన లెక్చరర్ ఒకాయన లినక్స్ అనే సిస్టమ్ ఫ్లాపీలల్ల ఎక్కించి ఇచ్చిండు. దాని కోడ్ అంత విప్పి ఉంటదని, ఎవరి మిషన్‌కు సరిపోయేటట్టు వాళ్లే మళ్ల కట్టుకోవచ్చని చెప్పిండు.

"రెడీమేడ్ అంగీ పట్టకపోతే కుట్టుకోమా ఏంది?" అన్నది వదిన.

ఫ్లాపీలు తీసుకోని నేను, వదిన బస్సుల వస్తున్నం. నడుమ పోలీసులు ఆపిండ్రు. అడవిల నక్సలైట్లతోటి కాల్పులైతే ఊర్లల్ల పోలీసు జీపులు తిరిగే రోజులవి. మా వాడల ఒక పిలగాడిని సంచిల ఏవో కాగితాలున్నయని తీస్కపోయిండ్రు. తిరిగొచ్చినంక ఆ పిలగాడు ఎవ్వరితోటి మాట్లాడలే. మా సంచిల అంకెలేసిన ఫ్లాపీల కట్ట చూసి పోలీసులు "గివేంది?" అన్నరు. కంప్యూటర్‌వి అని చెప్పితిమి. మా అడ్రసు రాసుకోని వదిలిండ్రు.

కొన్నాళ్లకు, పగటిపూట, జీపు మా రూము ముందటనే ఆగింది.

వదిన పొద్దుగాల్నే కెర్నల్ కంపైల్‌కు పెట్టింది. కెర్నల్ అంటే సిస్టమ్‌కు గుండెకాయ. దాని కోడ్‌ను మా మిషన్‌కు సరిపోయేటట్టు కట్టుడే కంపైల్. అదంత ఆ ముసలి మిషన్ నమిలి మింగాలంటే పొద్దు గూకాలె. తెర నిండ ఇంగ్లీషు వరుసలు ఉరుకుతున్నయి. ఎస్సై వచ్చి ఎనక నిలవడ్డడు.

"ఇదంత ఎవరు పంపిస్తుండ్రు?"

"ఎవరు లేరు సార్. ఫోన్ వైరు గూడ లేదు, చూడుండ్రి" అన్నది వదిన.

అప్పుడే వరుసలు ఆగినయి. ఆఖరి లైను మీద ఎస్సై వేలు వెట్టి చదివిండు: "ఫేటల్ సిగ్నల్."

"ఫేటల్ అంటే పానం పోయేది. ఈ సిగ్నల్ ఎవరికమ్మా?"

వదిన లేచి నిలవడ్డది.

"మిషన్‌కే సార్," అన్నది. "మెమరీ పట్టీలు వదులైతే గిట్లనే అంటదని లెక్చరర్ సార్ చెప్పిండు. విప్పి చూపిస్త."

చేతులు కొంగుకు తుడుచుకోని, మిషన్ ఆపి డబ్బా విప్పింది. స్క్రూడ్రైవర్ చేయి జారి కింద వడ్డది. ఎస్సై దాన్ని తీసియ్యలే. పట్టీలు గుంజి, అంచులు రబ్బరుతోటి రుద్ది, గట్టిగ కూసవెట్టి, ఆగిన కాడి నుంచి మళ్ల నడిపించింది. ఎస్సై కుర్చీ గుంజుకోని కూసున్నడు. అయ్యేదాక పోనన్నడు.

అంత పొడుగు పగలు నేను మళ్ల చూడలే. కరెంటు పోతే? మళ్ల గదే మాట తెర మీదికొస్తే? బయట కానిస్టేబుల్ బీడీ కాలుస్తుండు. వదిన నా చెవిల మెల్లగ, "భయమైతే తెర చూడకు పిల్లా, నా చేతులు చూడు" అన్నది. చూసిన. ఒడిల అవి ఒకదాన్నొకటి పట్టుకోని ఉన్నయి.

పొద్దు గూకంగ కంపైల్ అయిపోయింది. ఆపి మళ్ల ఆన్ చేస్తే మిషన్ మా సొంత కెర్నల్‌తోటి లేచి, పేరు అడిగింది. వదిన తన పేరు కొట్టింది.

"ఇంతేనా?" అన్నడు ఎస్సై.

"ఇంతే సార్."

జీపు పోయింది. వదిన కింద కూసోని డబ్బా మూతకు స్క్రూలు బిగించింది.

"ఇగ బందువెట్టు వదినా, నీకు దండం వెడత" అని తెల్లారి నేను బతిమాలిన.

"ఇప్పుడు బందువెడితే, ఏదో దాచుకున్నం అనుకుంటరు" అన్నది.

ఆ మిషన్ మీదనే నేను నేర్చుకున్న, ఆ ఊరి ఆడపిల్లలు ఎందరో నేర్చుకున్నరు. ఈ పొద్దు నేను తినే బువ్వ ఆమె పెట్టిందే.

వదిన అనంగనే నాకు ఆ తెల్లారే కనవడ్తది. బల్లను ఇద్దరం కలిసి గుంజి, తెరను రోడ్డు దిక్కు తిప్పినం. వచ్చేటోళ్లు పోయేటోళ్లు ఆగి చూస్తుండ్రు. తెర ముందట కూసోవాలంటే రోడ్డుకు వీపు వెట్టాలె. వదిన అట్లనే కూసున్నది. ఎనక ఏ జీపు చప్పుడైనా ఆమె భుజాలు చెవులదాక లేచేటియి. తల మాత్రం తిప్పకపోయేది. చప్పుడు దూరమైనంక భుజాలు మెల్లగ దిగేటియి, కీబోర్డు మళ్ల టకటకమనేది.