మాస్టారి కుడికాలికి ఆజ్ఞ ఎక్కడిది

ఆగస్టు 4, సోమవారం, ఉదయం 9 గంటల 5 నిమిషాలు. మా శరీరనిర్మాణశాస్త్ర విభాగంలో మాస్టారికి వేలు చూపించడం మీద కోపం పుట్టిన క్షణం అది. అంతకుముందు ఆయనకు కోపం లేదని కాదు. సుద్దముక్కలు, ఫ్యాను, తలుపు చప్పుడు వగైరాల మీద సమానంగా పంచి ఉండేది. ఆ రోజుతో మొత్తం ఒక్కచోటికి చేరింది.

ఆయన సహాయకుడిగా నేను పక్కనే ఉన్నాను. నిలువునా రెండుగా కోసిన మెదడులో ఒక సగం, లోపలి ముఖం పైకి వచ్చేలా, పళ్లెంలో ఉంది. విద్యార్థులు ఒక్కొక్కరే సూదితో భాగాలు చూపిస్తున్నారు. తరగతి అంతా అక్క అని పిలిచే ఆవిడ వంతు వచ్చింది. బడికి వెళ్లే కొడుకున్న మనిషి. ఈ ప్రాక్టికల్ పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే సీటు పోతుంది. ఆవిడ సూది అందుకుని పళ్లెం మీదికి వంగిందో లేదో, మాస్టారు దాన్ని లాక్కుని సొరుగులో పడేసి తాళం వేశారు.

"ఇవాళ్టి నుంచి ఈ గదిలో ఎవరూ ఏదీ చూపించకూడదు. సూదితోనూ వద్దు, వేలితోనూ వద్దు. మెదడును రెండు చేతుల్లో పట్టుకుని నోటితో చెప్పండి. చూపుడువేలు సోమరిపోతుల అవయవం."

మర్నాడే ఒక కుర్రాడు అలవాటుకొద్దీ వేలు పెట్టి "ఇదండీ" అన్నాడు.

"ఇది అంటే ఏది? ఇది అనే భాగం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు." మాస్టారు కుడికాలితో నేలను ఫట్‌మని తన్నారు. "ఇప్పుడు ఈ కాలికి ఆజ్ఞ ఎక్కడి నుంచి వెళ్లింది? అదైనా చెప్పు."

అప్పటి నుంచి కోపం వచ్చినప్పుడల్లా కాలు, కాలు తన్నినప్పుడల్లా ఆ ప్రశ్న. కోపం రాని పూట లేదు గనుక ఆ ఒక్క జవాబూ తరగతి అందరికీ కంఠతా వచ్చింది.

జబ్బు గది దాటింది. కాలిపోయిన తీగను "అదిగో సార్" అని చూపించిన ఎలక్ట్రీషియన్ చేత, స్విచ్‌బోర్డుకు కుడివైపున, గోడ మూలకు జానెడు ఇవతల అని అప్పజెప్పించుకున్నాక గాని పని చేయనివ్వలేదు. ఒకసారి నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆయన కళ్లజోడు కోసం వెతుక్కుంటున్నారు. వాళ్లావిడ వంటగదిలోంచే చెప్పింది:

"హాల్లో బల్ల మీద, పేపరుకు ఎడమ అంచున, మీ కోపానికి కాస్త ఇవతల."

పరీక్షకు వేరే కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు సొంత సూది జేబులో పెట్టుకు తిరిగే మనిషి. అక్క చేతికి అదే ఇచ్చాడు. ఆవిడ తీసుకుంది. సూది మొన ఒక మడత మీంచి పక్క మడత మీదికీ, మళ్లీ వెనక్కీ ఊగింది. పళ్లానికి తగిలి టిక్ టిక్‌మంది.

"ఊహించి చెప్పడం కుదరదమ్మా" అన్నాడు పరీక్షకుడు.

ఆ చప్పుడు నేను ఆగస్టు 4న కూడా విన్నాను. ఎవరైనా చూస్తుంటే ఆవిడ చెయ్యి వణుకుతుంది. అంతకుముందు రెండుసార్లూ అందరూ దాన్ని తెలియనితనంగానే లెక్క కట్టి ఉంటారు. మాస్టారు సూది నుంచి ఆవిడ ఒక్కదానికే మినహాయింపు ఇస్తే ఆ సంగతి తరగతి అంతటికీ తెలిసిపోయేది.

మాస్టారి కాలు నేలను తన్నింది. "మా విభాగంలో సూదులు వాడం."

"ఎందుకు వాడరు?"

"మెదడుకు గుచ్చుకుంటుంది."

"ఇది ఫార్మలిన్‌లో నానిన మెదడండీ."

"నేనన్నది నా మెదడు."

పరీక్షకుడు మొహం ముడుచుకుని సరే చెప్పమన్నాడు. అక్క సూది కింద పెట్టి, సగం మెదడును రెండు అరచేతుల్లోకి తీసుకుంది. చేతులు కుదురుకున్నాయి.

"మధ్యలో తెల్లగా విల్లులా వంగినది కార్పస్ కలోసం. దాని వీపు వెంట నడిచే మడత సింగ్యులేట్ జైరస్. విల్లు వెనక కొన దాటాక రెండు గాడులు విడిపోతాయి. ఒకటి ఏటవాలుగా పైకి, రెండోది వెనక్కి. వాటి మధ్య పుచ్చకాయ ముక్కలా ఇరుక్కున్నది క్యూనియస్. కింది గాడికి రెండు గట్ల మీదా మనకు చూపు తెలుస్తుంది."

పరీక్షకుడికి చిరాకు ఇంకా తగ్గలేదు. "మరి మీ మాస్టారు ఇందాక తన్నారే, ఆ కాలికి ఆజ్ఞ ఈ ముక్కలో ఎక్కడుంది?"

"ఇందులో లేదండీ. తన్నింది కుడికాలు, ఇది కుడి సగం. ఆజ్ఞ ఎడమ సగంలో, పై అంచున, పారాసెంట్రల్ లాబ్యూల్‌లో ఉంటుంది."

పరీక్షకుడు సూది తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఫలితాలు నోటీసు బోర్డుకు అంటించిన రోజు అక్క ఆ కాగితం ముందు నిలబడి, పై వరుస నుంచి కింది వరుసకు వెతుక్కుంటూ తన నంబరు దాటిపోతోంది. మాస్టారు గుంపును తోసుకుంటూ వచ్చి, కోపంగా చూపుడువేలు చాచి కాగితం మీద ఆనించారు.

"ఇది."

"ఇది అంటే ఏదండీ?" అంది అక్క.

మాస్టారు కుడికాలితో నేలను తన్నారు. వేలు మాత్రం తీయలేదు. దాని కింద ఉన్నవి అక్క మార్కులు, వందకు 84.