తొమ్మిదేళ్లు నేను పిలవని పేరు

సహోదరులారా, అది మంచి శుక్రవారానికి ముందు రోజు, గురువారం, పగలు పది గంటల ఇరవై నిమిషాలు. రాయగడ స్టేషన్ యార్డులో ఆ గడియలో నేను ఒక మనిషిని చంపబోయాను, దేవుడు ఆపాడు. తాగి కాదు, నిద్రమత్తులో కాదు, పగతో. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నాది షంటింగ్ పని. ఇంజినుకి జెండా చూపించి, వ్యాగన్లను ఒక లైనులో విడదీయించి ఇంకో లైనులో కలిపించడం. నా జతగాడు అప్పలసూరి, పార్వతీపురం వైపువాడు, నాకంటే పదేళ్లు చిన్న, నన్ను మావా అని పిలిచేవాడు. రెండు వ్యాగన్ల మధ్య దూరి కొక్కెం తగిలించేది అతను, ఇవతల నిలబడి డ్రైవరుకి పచ్చజెండా ఊపేది నేను. దీనికి పాతవాళ్లు నేర్పిన పద్ధతి ఒకటుంది. లోపలి మనిషిని పేరుపెట్టి పిలవాలి, అతను అవతలికి వచ్చేసి "వచ్చేను" అని నోటితో పలకాలి, అప్పుడే జెండా!

ఇక నా చీకటి రోజుల సంగతి. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు, దేనికైనా వేలిముద్రే. చర్చి సంఘంలో పెద్దని, పాటల పుస్తకం చేత్తో పట్టుకుని కంఠతా వచ్చిన పాటలు పాడేవాణ్ణి, చదువుతున్నానని అందరూ అనుకునేవారు. ఒకరోజు యార్డులోని మా గదిలో టీ తాగుతూ, నలుగురూ ఉన్నారు కదా అని గొప్పకి పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. సూరి తొంగిచూసి, "ఏటి మావా, నీ పేపర్లో ఇంజిను సక్రాలు మీదకి పెట్టి పడుకుందేటి?" అన్నాడు. పేపరు తలకిందులుగా పట్టుకున్నాను! గదంతా నవ్వింది, టీ అమ్మే లొఖ్మి కూడా నవ్వింది.

అంతే సహోదరులారా, ఆ రోజు నుంచి అతని పేరు నా నోట రాలేదు, తొమ్మిదేళ్లు! పక్కపక్క క్వార్టర్లు, ఒకే డ్యూటీ, ఒకే లైను, అయినా మాట లేదు. పిలవడానికి బదులు జెండా కర్రతో వ్యాగన్ మీద రెండు దెబ్బలు కొట్టేవాణ్ణి, అతను అవతలికి వచ్చేక ఇనప కడ్డీతో రెండు దెబ్బలు కొట్టేవాడు, నేను జెండా ఊపేవాణ్ణి. యార్డులో మాకు మూగజోడీ అని పేరు పెట్టేరు. ఆదివారం మాత్రం నేను చర్చిలో లేచి కోరాపుట్ సంఘానికీ, నందపూర్ సంఘానికీ, కల్యాణసింగ్‌పూర్‌లో జబ్బుపడ్డవాళ్లకీ అరగంట ప్రార్థన చేసేవాణ్ణి, ఆ పగ గుండెలో పెట్టుకునే ప్రభువు బల్ల దగ్గర రొట్టెకి చెయ్యి చాపేవాణ్ణి. నా భార్య రాహేలమ్మ ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "ఊళ్లన్నీ తిరిగొచ్చింది గానీ మీ ప్రార్దన పక్క క్వార్టరుకి ఎల్లలేదేటండి?" అంది. కంచం ముందునుంచి లేచిపోయాను. ఆ పూట ఆవిడ వంటింట్లో మోకరించి చేసిన ప్రార్థన గోడకి ఇవతల నా చెవిన పడింది: "పెబువా, ఈయన నోరు నువ్వే తెరువు. తెరవకపోతే ఆ నోటితో నీకు పాటలెందుకు?"

ఆ గురువారం సూరి మధ్యకి దూరేడు. నేను రెండు దెబ్బలు కొట్టేను. పక్క లైనులో బిశ్వనాథ్ సుత్తితో చక్రాలు కొట్టి చూస్తున్నాడు, ఆ సుత్తి దెబ్బలు రెండు వినిపించేయి, సూరివే అనుకున్నాను, పచ్చజెండా ఊపేను! ఇంజిను కూత వేసింది, గొలుసులు బిగిసి వ్యాగన్లు కదిలేయి. అప్పుడు చూశాను, కింద పట్టాల మధ్య రెండు పాదాలు!

సహోదరులారా, ఎర్రజెండా లేపడానికి ముందే నా నోరు తెరుచుకుంది. "సూరీ! ఒరే సూరీ! పడుకో!" అని అరిచింది నేను కాదు, తొమ్మిదేళ్లు బిగదీసిన దవడని దేవుడు తెరిచేడు! అతను బోర్లా పడ్డాడు, రెండు వ్యాగన్లు అతని మీదుగా పోయేయి, అప్పటికి డ్రైవరు నా ఎర్రజెండా చూసి ఆపేడు. సూరి పాకుతూ బయటికి వచ్చేడు, చొక్కా వీపున చిరిగింది, తోలు గీరుకుంది, ఇంకేమీ లేదు, దేవునికే మహిమ! రాళ్ల మీద కూలబడి నన్ను చూసి, "నా పేరు నీకు గుర్తుందేటి మావా!" అన్నాడు. నేను అతని కాళ్ల మీద పడ్డాను. తరువాత చెప్పేడు, "ఇంకెవడరిసినా తిరిగి సూద్దును. నువ్వు పిలిసీసరికి నాకు సావే వచ్చీసిందనుకుని బోర్లా పడిపోనాను" అని!

స్టేషన్ మాస్టరు జరిగింది రాసి ఇమ్మన్నారు. నాకు రాత రాదు, రాసింది సూరే. "సుత్తి సప్పుడికి మోసపోయేవని మాత్రం రాసీనా మావా?" అని గొణిగేడు. వద్దు, పేరుపెట్టి పిలవలేదు, తప్పు నాదేనని రాయమన్నాను, రాసేడు, కింద వేలిముద్ర వేశాను. కొన్నాళ్లు నా చేతిలోంచి జెండా తీసేసేరు, న్యాయమే. వేలికి అంటిన సిరా చూసి సూరి, "ఈ ఏలిముద్ర ఇక సాలు మావా, సుద్ద పట్టుకో" అన్నాడు. వ్యాగన్ల మీద గుర్తులు వేసే సుద్దముక్కతో, ఆ వ్యాగన్ల మీదే, యాభై నాలుగేళ్ల వయసులో నాకు అక్షరాలు నేర్పేడు. నేను రాసినవి మర్నాటికి విజయనగరం వైపు వెళ్లిపోయేవి. మొదట రాసిన మాట ‘సూరి’.

సూరి ఇంకా బాప్తిస్మం తీసుకోలేదు, నేను తొందరపెట్టను. క్రిస్మస్‌కి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు, నేను పుస్తకం సరిగా పట్టుకున్నానో లేదో చూస్తాడు! ఇది చదువుతున్న నీకు కూడా పిలవని పేరు ఒకటి ఉండే ఉంటుంది. ముందు యేసయ్యని నమ్ము, నీ నోరు ఆయన చేతికి ఇయ్యి, ఆ తరువాత లేచి వెళ్లి ఆ పేరు పెట్టి పిలువు, చక్రం కదిలేదాకా ఆగకు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ల పేర్లు నా చేత్తోనే రాస్తున్నాను: ఇంజిను ఆపిన డ్రైవరు భాస్కరరావు గారు, సుత్తి పారేసి పరుగెత్తుకొచ్చిన బిశ్వనాథ్, నీళ్ల చెంబు తెచ్చిన లొఖ్మి, నన్ను తిట్టకుండా కుర్చీ వేసిన స్టేషన్ మాస్టరు పట్నాయక్ గారు, ఇంట్లో మోకాళ్ల మీద ఉన్నా అక్కడ ఉన్నట్టే అయిన నా రాహేలమ్మ, పాపినైన నేను, యోహాను, పట్టాల మధ్య నా కేక విన్న అప్పలసూరి.